నోబెల్‌కు ఏడు పాయింట్లు

విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ పోస్టులు పైరవీలతోనే నిండుతాయని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. కులం చూస్తారట. గురువెవరో చూస్తారట. ఏ మంత్రిగారి పేషీ నుంచి ఫోనొచ్చిందో చూస్తారట. ఇదంతా పాతకాలపు మాట. 2010లో యూజీసీ వారు పాండిత్యానికి తూనిక కనిపెట్టారు, 2018లో దానికి మెరుగులు దిద్దారు. ఇప్పుడు ఒక మనిషికి ప్రపంచం గురించి ఎంత తెలుసో తేల్చడానికి ఆయనతో మాట్లాడక్కర్లేదు, ఆయన రాసింది చదవక్కర్లేదు. కూడికలు వచ్చిన సెక్షన్ గుమాస్తా ఒక్కడు చాలు. ఇంత పారదర్శకతను పట్టుకుని పైరవీ అంటే కళ్లు పోతాయి.

నమ్మకం కుదరనివాళ్ల కోసం అంతర్జాతీయ సంబంధాల శాఖను తీసుకుందాం. అక్కడ ఒక సీనియర్ ప్రొఫెసర్‌ను నియమించాలి. సీనియర్ కావాలంటే ముందు పదేళ్లు ప్రొఫెసర్‌గా చేసి ఉండాలి. ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం, పది పత్రాలు, వీటికి తోడు 2018 నిబంధనల రెండో అనుబంధంలోని రెండో పట్టిక ప్రకారం 120 పాయింట్లు ఉండాలి. ఆ పట్టికను ఒకసారి తీరిగ్గా చదవమని మనవి. ఈ మధ్య వచ్చిన హాస్య రచనల్లో దానికి దీటైనది నాకు కనబడలేదు.

సాంఘిక శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు. పుస్తకం అంతర్జాతీయ ప్రచురణకర్త వేస్తే 12, దేశీయుడు వేస్తే 10. శిష్యుడికి పీహెచ్‌డీ వస్తే గురువుకు 10. అంతర్జాతీయ అవార్డు వస్తే 7. ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగండి. నోబెల్ శాంతి బహుమతి కూడా అంతర్జాతీయ అవార్డే కదా. దానికి పట్టికలో వేరే గడి లేదు. కాబట్టి ఆస్లోలో పతకం పుచ్చుకుని వచ్చినాయనకు ఏడు. ఆయన పతకం మీద ఆరు పేజీల పత్రం రాసినాయనకు పది.

ఇంకో వింత ఉంది. ఒక పత్రం ఒక్కడే రాస్తే పది. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే ఏడేసి. మొత్తం పద్నాలుగు! ఒంటరిగా ఆలోచించేవాడు దేశానికి నాలుగు పాయింట్లు నష్టం తెస్తున్నాడన్నమాట. ఒకే కారిడార్లో పక్కపక్క గదుల్లో ఉండే ఇద్దరు అధ్యాపకులు ఇరవై ఏళ్లుగా మాటల్లేకుండా ఉండి కూడా కలిసి తొమ్మిది పత్రాలు ఎలా రాశారో ఇప్పుడు బోధపడుతుంది.

ఈ పట్టికకు జరగాల్సినంత గౌరవం జరగడం లేదనే నా బాధ. దీన్ని వంద సంవత్సరాల ముందే కనిపెట్టి ఉంటే అసలు ఈ అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం పుట్టకుండానే ఆపగలిగేవాళ్లం.

అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలో మొట్టమొదటి ఆచార్య పీఠం 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధపు రక్తం కళ్లారా చూసిన డేవిడ్ డేవిస్ అనే ధనికుడు, చెల్లెళ్లతో కలిసి 20 వేల పౌండ్లు ఇచ్చాడు. దేశాల మధ్య శాంతి ఎలా నిలపాలో చెప్పమన్నాడు. మొదటి ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ జిమ్మర్న్ రెండేళ్లకే పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. నానాజాతి సమితిలో గొడవేమీ కాదు. ఆయన తోటి అధ్యాపకుడి భార్యను ప్రేమించి పెళ్లి చేసుకున్నాడు. శాంతి శాస్త్రానికి తొలి సంక్షోభం స్టాఫ్ క్వార్టర్సులోనే వచ్చిందన్నమాట.

అదే పీఠానికి 1936లో ఇ.హెచ్. కార్ వచ్చాడు. ఆయన దరఖాస్తు మన స్క్రూటినీ కమిటీ ముందుకు వచ్చిందనుకోండి. పీహెచ్‌డీ: లేదు. కేంబ్రిడ్జిలో గ్రీకు, లాటిన్ చదివాడు, అంతే. బోధనానుభవం: సున్నా. ఇరవై ఏళ్లు బ్రిటన్ విదేశాంగ శాఖలో పనిచేశాడు గాని, అది 'సమాన హోదా' కిందకు వస్తుందని సర్టిఫికెట్ జతపరచలేదు. బయటి రంగాల ఉద్దండుల కోసం నిబంధనల్లో ఒక కిటికీ ఉన్నమాట నిజమే. దానికీ పీహెచ్‌డీ చువ్వలు బిగించి ఉన్నాయి. ప్రచురణలు: దోస్తోయెవ్‌స్కీ జీవిత చరిత్ర, మార్క్స్ జీవిత చరిత్ర, రష్యా నుంచి వలసపోయిన విప్లవకారుల ప్రేమల మీద ఒకటి. సబ్జెక్టుతో సంబంధం లేదు. రష్యన్ శాఖలో ఖాళీ పడినప్పుడు ప్రయత్నించగలరు. పైగా పాయింట్లు ఆరు వర్గాల్లో కనీసం మూడింటి నుంచి రావాలని నిబంధన. ఈయనవన్నీ పుస్తకాలే. సెమినార్ సర్టిఫికెట్ ఒక్కటీ లేదు. రిమార్కుల గడిలో ఎర్ర సిరాతో 'నాట్ ఎలిజిబుల్'. కింద ముగ్గురి పొడి సంతకాలు.

అబెరిస్ట్‌విత్ వాళ్లకు పట్టిక లేదు కనుక పొరపాటున ఉద్యోగం ఇచ్చారు. మూడేళ్లు తిరిగేసరికి ఆయన 'ట్వంటీ ఇయర్స్ క్రైసిస్' రాశాడు. ఏ ఆదర్శం కోసం డేవిస్ డబ్బు పోశాడో ఆ ఆదర్శాన్నే అందులో చీల్చి చెండాడాడు. దాతకు ఒళ్లు మండింది. కార్‌ను వదిలించుకోవాలని చూశాడు. అయినా 1947 దాకా కార్ ఆ కుర్చీలోనే ఉన్నాడు. మధ్యలో లండన్ టైమ్స్‌లో సంపాదకీయాలు కూడా రాసిపెట్టాడు. ఇప్పుడు ఆ పుస్తకం లేకుండా మన దేశంలో ఎమ్మే సిలబస్ లేదు. అది చదవకపోయినా దాని మీద నెట్ పరీక్షలో బిట్లు పెట్టి, అవి పాసైనవాళ్లను అధ్యాపకులుగా తీసుకుంటున్నాం.

మనవాళ్లనూ చూద్దాం. మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో తాళపత్రాల మధ్య అర్థశాస్త్రాన్ని గుర్తించి, 1909లో అచ్చువేసి, 1915లో ఇంగ్లిషులోకి తెచ్చిన ఆర్. శామశాస్త్రి లేకపోతే మన అంతర్జాతీయ సంబంధాల శాఖలు సగం మూతపడేవి. పుస్తకం అనువాదానికి పట్టికలో 8 పాయింట్లు. 'కౌటిల్యుని మండల సిద్ధాంతం: నేటి ప్రాసంగికత' అనే పత్రానికి పది. ఈ పత్రం దేశంలో ఎన్నిసార్లు అచ్చయిందో కౌటిల్యుడి గూఢచారులు కూడా లెక్క తేల్చలేరు. పొరుగువాడు శత్రువు, వాడి పొరుగువాడు మిత్రుడు అన్న సూత్రాన్ని రాసినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ చూశారో తెలియదు గాని పక్క డిపార్టుమెంటులో మాత్రం రోజూ చూస్తుంటారు.

మరి అమెరికా వాళ్లకు ఈ తెలివి లేదు. 1977లో కొలంబియా విశ్వవిద్యాలయం మాజీ విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్‌కు ప్రత్యేక పీఠం ఇవ్వజూపితే విద్యార్థులు అడ్డం తిరిగారు. ఆ ప్రతిపాదన అటకెక్కింది. వియత్నాంలో, కాంబోడియాలో ఆయన చేసినదాని సంగతేమిటని అడిగారు. చూశారా, మనిషి చేసిన పని గురించి చర్చ! మన పద్ధతిలో ఇలాంటి రసాభాస రాదు. మన పట్టికలో కాంబోడియాకు గడి లేదు.

ఇక ఈ పాయింట్లు ఎక్కడ తయారవుతాయో తెలుసుకోవాలంటే గ్రంథాలయానికి వెళ్లకండి. విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగా, టీ కొట్టు పక్కన, జిరాక్స్-డీటీపీ-స్పైరల్ బైండింగ్ అని బోర్డున్న చోటికి వెళ్లండి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరికీ తెలియని నిబంధనలు ఆ కుర్రాడికి కంఠతా వచ్చు. ప్రొఫార్మా ఎక్సెల్‌లో వేసి పెట్టుకున్నాడు. అంకె కొట్టగానే మొత్తం కిందికి వచ్చేస్తుంది. మధ్యాహ్నం ఎండలో చెమటలు తుడుచుకుంటూ వచ్చిన అసోసియేట్ ప్రొఫెసర్ గారికి సలహా చెబుతున్నాడు: "సార్, ఇండియాలో ఇంటర్నేషనల్ సెమినార్ అయితే ఐదే సార్. అబ్రాడ్ అయితే ఏడు. ఖాట్మండు పెట్టుకోండి. వీసా అక్కర్లేదు, గోరఖ్‌పూర్ దాకా రైలుంది. కానీ మరీ తిరక్కండి సార్, ఉపన్యాసాలు, పాలసీ పత్రాలు కలిపి 30 శాతం దాటితే కోసేస్తారు." సార్ బుద్ధిగా నోట్సు రాసుకుంటున్నారు. విదేశాంగ విధానం మీద ఆయన జీవితంలో విన్న అత్యంత ఉపయోగకరమైన ఉపన్యాసం అదే.

పత్రాలూ అక్కడే పుడతాయి. ఇంజనీరింగు, ఆయుర్వేదం, చేపల పెంపకం, అంతర్జాతీయ సంబంధాలు ఒకే అట్ట మధ్య సర్దుకునే పత్రికలున్నాయి. సోమవారం పంపితే, రుసుము కడితే, శుక్రవారానికి ఇద్దరు నిపుణులు చదివి ఆమోదించినట్టు మెయిలొస్తుంది. ఆ నిపుణులు ఎంత వినయవంతులంటే ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. ఈ దందా ముదిరి 2018 మే నెలలో యూజీసీయే తన జాబితా నుంచి 4,305 పత్రికలను కొట్టేసింది. మర్నాటికి వాటిలో రాసి ప్రొఫెసర్లయినవాళ్లు ఏమయ్యారంటారా? ప్రొఫెసర్లుగానే ఉన్నారు. జాబితా నుంచి తీసేసింది పత్రికను గాని మనిషిని కాదు కదా. తర్వాత 2019లో 'కేర్' అని ఇంకో జాబితా తెచ్చారు. 2025లో అదీ వద్దన్నారు. ఏది మంచి పత్రికో ఇక విశ్వవిద్యాలయాలే చూసుకోవాలట. డీటీపీ కుర్రాడు ఈ వార్త విని ఏమాత్రం కంగారు పడలేదు.

ఇప్పుడు అసలు పెద్ద కుర్చీకి వద్దాం. విశ్వవిద్యాలయంలో మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతం దాకా సీనియర్ ప్రొఫెసర్లను తీసుకోవచ్చు. గమనించారో లేదో, నిండిన పోస్టుల్లో కాదు, మంజూరైన పోస్టుల్లో. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా బోధన పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీ. కాబట్టి పది ఖాళీ కుర్చీల లెక్కన ఒక పెద్ద కుర్చీ వేసుకోవచ్చు. అదీ ఖాళీగానే ఉంటుంది, అది వేరే విషయం. పదేళ్లు ప్రొఫెసర్‌గా ఉన్నవారు కావాలంటే ముందు ఎవరినో ఒకరిని ప్రొఫెసర్ చేసి ఉండాలి. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 2025 జనవరి దాకా అరవైకే పదవీ విరమణ. నలభయ్యోపడిలో ఉద్యోగం పర్మినెంటై, యాభై రెండుకు ప్రొఫెసరై, పదేళ్లు పూర్తి చేయడానికి అరవై రెండు దాకా ఆగాల్సిన మనిషిని అరవైకే శాలువా కప్పి పంపించాం. ఇప్పుడు అరవై అయిదు చేశారు కాబట్టి మూడేళ్లు సీనియర్‌గా వెలిగే భాగ్యం దక్కవచ్చు. ఆ మూడేళ్లలో ఆయన ఏదో ఒక చోట వైస్ ఛాన్సలర్ పదవికి దరఖాస్తు పెట్టుకుంటూ ఉంటారు.

ఇంతకీ సీనియర్ ప్రొఫెసర్ అర్హతల్లో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. ముగ్గురు ప్రముఖ నిపుణుల నుంచి అనుకూల సమీక్ష రావాలి. సమీక్ష కాదు, అనుకూల సమీక్ష. పరీక్ష పెట్టేటప్పుడే పాస్ మార్కులు వేసి పంపమన్నట్టుంది. అది రాసిన అధికారి ఎంత అమాయకుడో, లేదా ఎంత అనుభవజ్ఞుడో.

ఆ నిపుణులు కూడా పదేళ్ల ప్రొఫెసర్ల స్థాయికి తగ్గకూడదు. మన దేశంలో ఈ శాస్త్రానికి వంశవృక్షం పెద్దది కాదు. 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో మొదలై 1970లో జేఎన్‌యూలో కలిసిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్, 1956 నాటి జాదవ్‌పూర్ శాఖ, వాటి కొమ్మలు, రెమ్మలు. కాబట్టి అభ్యర్థి, సమీక్షకుడు, సెలక్షన్ కమిటీలో నిపుణుడు ముగ్గురూ ఏదో ఒక గురువు దగ్గర కలుస్తారు. కలవకపోతే ఇంకో మార్గముంది. ఈ ఏడాది మీ విశ్వవిద్యాలయానికి నేను నిపుణుడిగా వస్తా, వచ్చే ఏడాది మా దగ్గరికి మీరు రండి. గెస్ట్ హౌస్‌లో ఏసీ గది, స్టేషన్‌కు కారు, టీఏ బిల్లు మీద సంతకం. ప్రపంచంలో చాలా ద్వైపాక్షిక ఒప్పందాలు చెడిపోయాయి గాని ఇది చెడినట్టు వినలేదు.

ఇంటర్వ్యూ గదిలో వైస్ ఛాన్సలర్ గారు మధ్యలో. ఛాన్సలర్ నామినీ కుడివైపు. ముగ్గురు నిపుణులు, డీన్, శాఖాధిపతి. ప్లేట్లలో జీడిపప్పు, సమోసా. అభ్యర్థి ఆరు కట్టల స్పైరల్ బైండింగు మోసుకుని వస్తారు. ఒక్కో కట్ట పిల్లల తలదిండంత. వాటిని ఎవరూ విప్పరు.

"మీ గైడెవరండీ?"

చెబుతారు.

"ఓ, ఆయనా! ఆరోగ్యం ఎలా ఉంది?"

చెబుతారు.

"క్వాడ్ గురించి ఒక్క మాటలో చెప్పండి."

"కీలకం సార్."

"మంచిది. వెళ్లి రండి."

120 పాయింట్లు మనిషిని ఈ గది గడప దాకా తెచ్చి వదిలేస్తాయి. గడప దాటాక లోపల పెద్దల మనసే నిర్ణయం. పెద్దల మనసు ఎప్పుడు నిర్ణయమైందన్న దానికి మాత్రం పట్టికలో తేదీ గడి లేదు.

కొంచెం వ్యంగ్యం పక్కన పెట్టి అడుగుతాను. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లే మగవాళ్లు, కడప, కోనసీమ నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎన్ని దశాబ్దాలుగా వెళ్తున్నారు? కఫాలా పద్ధతిలో పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కుకుంటే ఏ దేశ చట్టం కింద ఎవరిని అడగాలో, శంషాబాద్‌లో దిగే శవపేటికకు రెండు నెలలు ఎందుకు పడుతుందో చెప్పగల ప్రొఫెసర్ మన విశ్వవిద్యాలయాల్లో ఎందరున్నారు? 2025 సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లన్నప్పుడు తెలుగు ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. దాని గురించి చానళ్లలో చెప్పింది కన్సల్టెన్సీ యజమానులు. మనకు పునాది లేకనా? 1964లోనే ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ పెట్టారు. అమెరికా బయట అంతటి గ్రంథాలయం అరుదని చెప్పుకునేవారు. ఉస్మానియాలోనే హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఉంది, తిరుపతిలో ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రం ఉంది. వాటిని పెట్టినవాళ్లకు కిటికీలోంచి బయటికి చూసే అలవాటుండేది.

పట్టికలో అరబిక్ నేర్చుకున్నందుకు పాయింటు లేదు. చైనీస్ పత్రిక చదవగలిగినందుకు లేదు. రియాద్ లేబర్ క్యాంపులో ఆరు నెలలు ఉండి వచ్చినందుకు లేదు. ఉండి వచ్చి రాస్తే ఉంది. శుక్రవారపు పత్రికలో ఇల్లు కదలకుండా రాసినదానికీ అంతే ఉంది. అలాంటప్పుడు రియాద్ దాకా పోవడం బుద్ధి తక్కువ పని.

సంస్కరణ రాలేదని అనకండి. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా తెచ్చింది. అందులో పాయింట్ల గోల లేదు. దాని బదులు తొమ్మిది రకాల 'విశేష కృషి'లో కనీసం నాలుగు చూపిస్తే చాలట. అందులో ఒకటి స్టార్టప్ కంపెనీ పెట్టి పెట్టుబడి తేవడం. ఇంకొకటి ప్రయోగశాల వృద్ధి చేయడం. అంతర్జాతీయ సంబంధాల ప్రొఫెసర్ ప్రయోగశాలలో ఏం కలుపుతాడో, ఏది పేలుతుందో చూడాలని నాకూ సరదాగానే ఉంది. పీహెచ్‌డీ అక్కర్లేని దారి ఇంకోటి 2022 నుంచే తెరిచి ఉంది. ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అంటారు. ఏదో ఒక రంగంలో పదిహేనేళ్లు చేసి ఉంటే నాలుగేళ్ల దాకా తీసుకోవచ్చు. నిజానికి కార్‌కు సరిపోయే దారి ఇదే. కానీ ఆయన రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చలో అరవలేడు కదా.

ఇంతా చేసి పోస్టు నిండిందా అంటే, అది రిజర్వుడు పోస్టయితే కథ వేరు. ఒకప్పుడు రిజర్వేషన్ వంతులు తేల్చే రోస్టర్‌తోనే పని కానిచ్చేవారు. 2018 మార్చిలో శాఖను యూనిట్‌గా లెక్కించమని ఉత్తర్వు వచ్చింది. ఇద్దరు ముగ్గురు మనుషులుండే అంతర్జాతీయ సంబంధాల లాంటి శాఖలో రిజర్వేషన్ వంతు ఈ జన్మలో రాదు. గొడవలై, 2019లో పార్లమెంటు చట్టం చేసి కేంద్ర సంస్థల్లో విశ్వవిద్యాలయాన్నే యూనిట్ చేసింది. దాంతో మూడు అక్షరాల విద్యకు గిరాకీ పెరిగింది. ఎన్ఎఫ్ఎస్, నన్ ఫౌండ్ సూటబుల్. పీహెచ్‌డీలు, 120 పాయింట్లు, ఆరు కట్టల స్పైరల్ బైండింగుతో పద్నాలుగు మంది వస్తారు; క్వాడ్ కీలకమని పద్నాలుగు మందీ చెబుతారు; తగినవారెవరూ కనబడలేదని సీల్డ్ కవర్లో రాసి పాలక మండలికి పంపుతారు. ఇదే జవాబు ఇంకో పోస్టుకు ఇంకొకరు చెప్పినప్పుడు లోతైన అవగాహన అయింది. మళ్లీ నోటిఫికేషన్ వేస్తారు. గతంలో దరఖాస్తు చేసినవారు కొత్తగా డీడీ తీసి మళ్లీ చేసుకోవాలి. పాత ఫీజు తిరిగి ఇవ్వబడదు.

ఈలోగా సెమిస్టర్ ఆగదు కనుక పేపరు పార్ట్‌టైమ్ లెక్చరర్ చెబుతాడు. గంటల లెక్కన జీతం, వేసవిలో అదీ ఉండదు. నెట్ ఉంది, పీహెచ్‌డీ ఉంది, సొంత డబ్బుతో అరబిక్ డిప్లొమా కూడా చేశాడు. కిందటి సారి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు వెళ్తే నిపుణుడొకాయన ఫైలు మూసి, పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నానంటున్నావు, మరి ఇంతవరకు నిన్నెవరూ పర్మినెంటు ఎందుకు చేయలేదు బాబూ అని అడిగాడట.